పాత కంప్యూటర్‌పై ఎంత బరువు మోపాలి?

విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు ఆగిపోయాక ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల దుకాణాల్లో, బడుల్లో మిగిలిన పాత యంత్రాలకు తేలికపాటి లినక్స్ ఎంతవరకు ఆసరా కాగలదు? దానిని దేనిని బట్టి ఎంచుకోవాలి?

టమోటా కోతలు ముమ్మరమైన రోజుల్లో గుర్రంకొండ కోట నిలిచిన బండకొండ కింద రహదారి తెల్లవారకముందే క్రేట్ల లారీలతో నిండిపోతుంది. పొద్దెక్కేసరికి ఆ సందడి జిరాక్స్ దుకాణాల ముందుకు జరిగి, పాస్‌బుక్ నకలు కావలసిన రైతు, హాల్‌టికెట్ తీసుకోవలసిన విద్యార్థిని, పింఛను దరఖాస్తు నింపించుకోవలసిన ముసలమ్మ ఒకే బల్ల ముందు నిలబడతారు. బల్ల కింద దుమ్ము పట్టిన సీపీయూ పెట్టె హోరుమంటుండగా, తెరమీద గిరగిర తిరిగే చిన్న వలయం ఆగేదాకా అందరూ వేచి ఉండవలసిందే. మదనపల్లెలో మండీ పట్టీలు రాసే గదుల్లోనూ, పుంగనూరు డీటీపీ కేంద్రాల్లోనూ, కుప్పం నెట్ సెంటర్లలోనూ ఇటువంటి యంత్రాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. బెంగళూరు కార్యాలయాలు వదిలించుకున్నాక ఎస్.పి. రోడ్డు అంగళ్ల మీదుగా తక్కువ ధరకు ఇక్కడికి చేరినవి, ఒకరు వాడి మరొకరికి అమ్మినవి వీటిలో కనిపిస్తాయి. విడిభాగాలు చెడిపోని ఈ యంత్రాల ముందు ఇప్పుడు ఒక కొత్త చిక్కు నిలిచింది.

గడువు తీరింది యంత్రానికి కాదు

కంప్యూటర్‌లోని విడిభాగాలన్నింటినీ నడిపిస్తూ, వాడుకరి కోరిన పనికి వాటిని సమకూర్చే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. 2015 జూలైలో విడుదలైన విండోస్ 10 అటువంటి వ్యవస్థ కాగా, దానికి మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే మరో ఏడాది పాటు, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, భద్రతా సవరణలు అందే ఏర్పాటు ఉంది. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. అయితే కొత్తగా బయటపడే లోపాలను పూడ్చే సవరణలు రాకపోవడం వల్ల, బ్యాంకు లావాదేవీలూ ఆధార్ వివరాలూ నడిచే దుకాణపు యంత్రం నానాటికీ ప్రమాదకరంగా మారుతుంది.

విండోస్ 11కు మారడం అన్ని యంత్రాలకూ సాధ్యపడదు. ఆ వ్యవస్థకు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలంతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, దాదాపు 2018 నాటి నుంచి వచ్చిన ప్రాసెసర్ ఉండాలన్న నిబంధన ఉంది. ఇంటెల్ వరుసలో ఎనిమిదో తరానికి ముందున్నవన్నీ, కొద్దిపాటి మినహాయింపులతో, ఈ గీతకు అవతలే మిగిలిపోతాయి. మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023 చివర వేసిన అంచనా ప్రకారం ఈ కారణంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తగా మారవచ్చు. దీనికి జవాబుగా 2025లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు ‘ఎండ్ ఆఫ్ 10’ అనే ప్రచారాన్ని చేపట్టి, పాత యంత్రాలను పారవేయకుండా లినక్స్‌కు మార్చుకోవలసిందిగా కోరాయి.

> కాలక్రమం
> - 1983: రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు.
> - 1991: ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను వెలువరించారు.
> - 1993: డెబియన్ ప్రారంభమైంది, నేటి తేలిక వ్యవస్థలలో చాలావాటికి ఇదే పునాది.
> - 2003: ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కాలర్ పప్పీ లినక్స్‌ను విడుదల చేశారు.
> - 2007: కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ భారతీయ భాషలతో కూడిన బాస్ లినక్స్‌ను వెలువరించింది.
> - 2014 ఏప్రిల్: విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది.
> - 2020 జనవరి: విండోస్ 7కు మద్దతు ముగిసింది.
> - 2025 అక్టోబర్: విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది.

ఒకే కెర్నల్, వందల రూపాలు

లినక్స్ అన్నది నిజానికి విడిభాగాలతో నేరుగా మాట్లాడే కెర్నల్ పేరు; ఆండ్రాయిడ్ ఫోను వాడే ప్రతివారి చేతిలోనూ ఆ కెర్నలే పనిచేస్తోంది. దాని మూల రచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని తిరిగి పంచవచ్చు గనుక దానిని ఓపెన్ సోర్స్ అని పిలుస్తారు. ఈ కెర్నల్‌కు తెరను తీర్చిదిద్దే డెస్క్‌టాప్, ఫైళ్లు చూపే ఉపకరణం, బ్రౌజర్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ వంటివి జతచేసి ఒక్కో బృందం ఒక్కో పేరుతో ఇచ్చే సంపుటిని డిస్ట్రిబ్యూషన్, వాడుకలో డిస్ట్రో, అంటారు. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్, ఆంటిఎక్స్ అన్నీ డిస్ట్రోలే.

వీటి మధ్య బరువులో తేడా తెచ్చేది ముఖ్యంగా డెస్క్‌టాప్. నీడలూ కదలికలూ నిండిన గ్నోమ్ వంటి డెస్క్‌టాప్ ఏ పనీ మొదలుపెట్టకముందే ఒక జీబీకి పైగా ర్యామ్‌ను ఆక్రమించగలదు. 1996లో ఆలివియర్ ఫోర్డాన్ మొదలుపెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈ, తైవాన్‌లో పుట్టిన ఎల్‌ఎక్స్‌డీఈకి వారసత్వంగా వచ్చిన ఎల్‌ఎక్స్‌క్యూటీ అంతకంటే గణనీయంగా తక్కువ తీసుకుంటాయి. పూర్తి డెస్క్‌టాప్ లేకుండా కిటికీలను మాత్రమే నడిపే ఐస్‌డబ్ల్యూఎం వంటివి ఇంకా తక్కువతో సరిపెట్టుకుంటాయి. ర్యామ్ అంటే పని సాగినంతసేపు సమాచారాన్ని నిలిపి ఉంచే తాత్కాలిక స్మృతి గనుక, వ్యవస్థ తనకోసం ఎంత తక్కువ ఉంచుకుంటే వాడుకరి పనికి అంత ఎక్కువ మిగులుతుంది.

అయితే ఈ లెక్కను తారుమారు చేసేది బ్రౌజర్. నేటి వెబ్‌పేజీ ఒక్కటి తెరిస్తేనే కొన్ని వందల ఎంబీలు ఖర్చు కావచ్చు. వ్యవస్థను ఎంత పలుచన చేసినా, రోజంతా ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరవవలసిన నెట్ సెంటర్ యంత్రంలో ఆ ఆదా కొద్ది పేజీలతోనే కరిగిపోతుంది. కాబట్టి డౌన్‌లోడ్ పరిమాణం చూసి వ్యవస్థను ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. యంత్రం రోజూ చేయవలసిన పనిలో అత్యంత బరువైనది ఏదో గుర్తించి, దానికి కావలసిన చోటు మిగిల్చే వ్యవస్థను ఎంచుకోవాలి.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించినది. ఒక్కసారికి ఎంత సమాచారాన్ని పట్టగలదన్నదాన్ని బట్టి ప్రాసెసర్లు 32-బిట్, 64-బిట్ అని రెండు రకాలు. 2006లో వచ్చిన కోర్ 2 డుయో మొదలుకొని బల్లమీద పెట్టే కంప్యూటర్లలో అధికభాగం 64-బిట్‌వే కాగా, తొలినాటి చిన్న నెట్‌బుక్‌లలో వాడిన ఆటమ్ ఎన్270 వంటివి 32-బిట్‌కే పరిమితం. ఈ రెండో రకానికి దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. లినక్స్‌పై 32-బిట్ క్రోమ్ 2016లోనే ఆగిపోయింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఈ యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానుకోగా, అదే ఏడాది ఫైర్‌ఫాక్స్ కూడా 144వ సంచికతో 32-బిట్ లినక్స్‌కు మామూలు విడుదలలను ముగించింది. అటువంటి నెట్‌బుక్‌ను పాటలకో, పీడీఎఫ్ చదువుకోవడానికో, పిల్లల టైపింగ్ సాధనకో ఉంచుకోవచ్చు. ఆన్‌లైన్ వ్యవహారాలకు దానిపై ఆధారపడరాదు.

రెండో ప్రశ్న ర్యామ్, డిస్కుల గురించినది. పాత యంత్రం మందకొడిగా ఉండటానికి కారణం పలుమార్లు తిరిగే పళ్లేలున్న హార్డ్‌డిస్కే. దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీని అమర్చితే ఏ డిస్ట్రో మార్పూ తేలేనంత వేగం వస్తుంది. ర్యామ్‌ను 2 జీబీ నుంచి 4 జీబీకి పెంచగలిగితే ఎంపిక చేసుకోదగిన వ్యవస్థల జాబితా ఒక్కసారిగా విస్తరిస్తుంది. ర్యామ్‌లోని సమాచారాన్నే కుదించి దాచే జెడ్‌ర్యామ్ అనే సౌకర్యం తక్కువ ర్యామ్ ఉన్నచోట మరికొంత ఊరట ఇస్తుంది.

మూడో ప్రశ్న యంత్రాన్ని ఎవరు చూసుకుంటారన్నది. విండోస్ పాడైతే ‘ఫార్మాట్ కొట్టి’ ఇచ్చే కుర్రవాడు ప్రతి చిన్న పట్టణంలోనూ దొరుకుతాడు. లినక్స్ తెలిసినవాడు దొరకడం కష్టం. అరుదైన, అతి చిన్న డిస్ట్రోను ఎంచుకుంటే చిక్కు వచ్చినప్పుడు పరిష్కారం చెప్పేవారు మరీ కరువవుతారు. అందువల్ల రెండు వ్యవస్థలు యంత్రానికి సమానంగా సరిపోయినప్పుడు, ఎక్కువమంది వాడుతున్నదాన్నీ, ఎక్కువ సంవత్సరాలు సవరణలు అందేదాన్నీ తీసుకోవడమే వివేకం.

> ర్యామ్‌ను బట్టి ఎంపిక
> - 512 ఎంబీ కంటే తక్కువ: టైనీ కోర్. డౌన్‌లోడ్ సుమారు 25 ఎంబీ. ప్రయోగాలకూ, ఒకే పనికి కేటాయించిన యంత్రాలకూ మాత్రమే.
> - 512 ఎంబీ నుంచి 1 జీబీ: ఆంటిఎక్స్, పప్పీ లినక్స్. రాతపని, పాటలు, పీడీఎఫ్. బ్రౌజర్‌లో ఒకటి రెండు తేలికపాటి పేజీలు.
> - 2 జీబీ: ఎంఎక్స్ లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీతో డెబియన్, బోధి లినక్స్. ఓ మోస్తరు ఆన్‌లైన్ పని.
> - 4 జీబీ: లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ సంచిక, జుబుంటు, లుబుంటు. దుకాణం, బడి, ఇల్లు అన్నింటికీ సరిపోతాయి.
> - 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ: తేలిక వ్యవస్థ కోసం వెతకనక్కరలేదు, నచ్చిన డెస్క్‌టాప్‌ను వాడవచ్చు.

కుప్పం అనుభవం

కంప్యూటర్ మనుగడ యంత్రంతోనే తేలిపోదని ఈ ప్రాంతానికి రెండు దశాబ్దాల కిందటే అనుభవంలోకి వచ్చింది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2002 ఫిబ్రవరిలో కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల కార్యక్రమాన్ని ప్రారంభించి, నియోజకవర్గంలోని ఐదు మండలాల్లో సుమారు మూడు లక్షల జనాభాకు సమాచార సాంకేతికతను చేరువ చేయాలని సంకల్పించింది. గ్రామాల్లో స్థానికులే చిన్న వ్యాపారంగా నడుపుకొనే సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్ ఇచ్చి గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. అప్పటిదాకా గుర్తింపు కార్డు ఫొటో కోసం పట్టణానికి వెళ్లవలసిన పల్లెల్లో అది ఆదాయం తెచ్చే వృత్తి అయింది.

అదే సంస్థ దక్షిణాఫ్రికాలోని మొగలక్వెనాలోనూ ఇటువంటి కార్యక్రమాన్నే నడిపింది. ఆ దేశపు పాఠశాలల కోసం 2004 ప్రాంతంలో రూపొందించిన ‘441’ అనే ఏర్పాటులో ఒకే కంప్యూటర్‌కు నాలుగు తెరలు, నాలుగు కీబోర్డులు, నాలుగు మౌస్‌లు కలిపి, నలుగురు విద్యార్థులు ఒకేసారి పనిచేసేలా లినక్స్‌ను అమర్చారు. ఒక్క యంత్రాన్ని పలువురికి పంచే ఆలోచన తెలుగు నేలకూ కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో 18 లక్షల మంది విద్యార్థులకు ఉపయోగపడేలా 50,000 సీట్లు ఏర్పాటు చేసే పనికి తమను ఎంపిక చేశారని ఎన్‌కంప్యూటింగ్ సంస్థ 2008లో ప్రకటించింది. అక్కడ కూడా ఒక సీపీయూను పలు తెరలు పంచుకోవడమే మూలసూత్రం.

కుప్పంలో కెమెరా ఎవరి చేతిలో జీవనోపాధిగా మారిందో వారికి దాన్ని కాపాడుకోవలసిన అవసరమూ ఏర్పడింది. పాత కంప్యూటర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది: రోజూ దానితో పని ఉన్న మనిషి, ఆ మనిషికి చిక్కు వస్తే పలికే మరొక మనిషి లేకపోతే ఎంత చక్కని వ్యవస్థ అయినా కొద్ది నెలల్లో మూలన పడుతుంది.

తెలుగు కనిపించాలి, టైపు కావాలి

అతి చిన్న డిస్ట్రోలు పరిమాణం తగ్గించుకోవడానికి మొదట వదిలేసే వాటిలో భారతీయ భాషల ఫాంట్లు ఉంటాయి. ఆ స్థితిలో దినపత్రిక వెబ్‌సైట్ తెరిస్తే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. డెబియన్, ఉబుంటు కుటుంబాల్లో దీనికి పరిష్కారం సులభం. లోహిత్ తెలుగు, దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర చొరవతో వెలువడిన గిడుగు, మల్లన్న, రామభద్ర, సూరన్న వంటివి అన్నీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి; వీటిలో చివరి వరుస డెబియన్‌లో ‘తెలుగువిజయం’ పేరున్న ప్యాకేజీగానే దొరుకుతుంది. టైపు చేయడానికి ఐబస్ అనే ఉపకరణం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన వరుసలతో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని కూడా ఎంచుకోవచ్చు.

డీటీపీ కేంద్రాల పరిస్థితి మాత్రం వేరు. పెళ్లి శుభలేఖ, కరపత్రం, ఫ్లెక్సీ వంటి పనులన్నీ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో సాగాయి. ఈ ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే ప్రపంచ భాషలన్నింటిలోని ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్య కేటాయించే ప్రమాణానికి, బయట తయారైనవి. కాబట్టి లినక్స్‌లోని లిబ్రె ఆఫీసులో ఆ పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నా ఒత్తులు, గుణింతాలు చెదిరిన చోట్లను చేత్తో దిద్దక తప్పదు. ఇరవై ఏళ్ల శుభలేఖల నమూనాలను ఆస్తిగా దాచుకున్న దుకాణదారును వ్యవస్థ మార్చమనడం అతని జీవనాధారాన్ని వదులుకోమనడమే అవుతుంది. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి పాత పనికే ఉంచి, ఆన్‌లైన్ వ్యవహారాలకు మరో పాత సీపీయూలో లినక్స్ వేసుకోవడం అతనికి తగిన మధ్యేమార్గం.

మారకూడని చోట్లు

లినక్స్ ప్రచారకులు తరచూ దాటవేసే ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. మండీ లెక్కలు రాసే గుమాస్తా వాడే ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే తయారైంది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనే ఉపకరణం ఉన్నప్పటికీ, డబ్బు లెక్కలను దానికి అప్పగించడం సాహసమే. ఆధార్ సేవలకు వాడే వేలిముద్ర పరికరాల్లో చాలావాటి సాఫ్ట్‌వేర్ విండోస్, ఆండ్రాయిడ్‌లను దృష్టిలో ఉంచుకొని వచ్చింది. దుకాణాల్లో విరివిగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ తనదైన ప్రత్యేక ముద్రణ భాషను వాడటం వల్ల లినక్స్‌లో దాన్ని పనిచేయించడానికి ఓపిక కావాలి. హెచ్‌పీ ప్రింటర్లకు మాత్రం ఆ సంస్థే ఓపెన్ సోర్స్ డ్రైవర్లను అందిస్తోంది.

ఇవన్నీ ముందుగానే తెలుసుకొనే మార్గం ఉంది. డిస్ట్రోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా అక్కడి నుంచే కంప్యూటర్‌ను నడపడాన్ని ‘లైవ్’ పద్ధతి అంటారు. ఒక పూట అలా నడిపి వైఫై, ధ్వని, ప్రింటర్, రోజూ తెరిచే వెబ్‌సైట్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకున్న తరువాతే నిర్ణయానికి రావచ్చు.

> వ్యవస్థ మార్చే ముందు
> - ఫొటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు వేరొక డిస్కులోకి తీసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు.
> - డిస్ట్రోను దాని అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకొని, ఫైలు మారలేదని నిర్ధారించే చెక్‌సమ్ సంఖ్యను సరిచూడాలి.
> - పెన్‌డ్రైవ్ తయారీకి రూఫస్, వెంటోయ్ వంటి ఉచిత సాధనాలు చాలు.
> - పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టడానికి యంత్రాన్ని బట్టి ఎఫ్12, ఎఫ్2, డిలీట్ వంటి మీటల్లో ఒకటి నొక్కాలి.
> - కరెంటు తరచూ పోయే చోట ఇన్‌స్టాల్ చేస్తున్నంతసేపు యూపీఎస్ ఉండాలి.
> - ఒకే గదిలో పది యంత్రాలుంటే మొదట ఒక్కదానినే మార్చి కొన్ని వారాలు వాడి చూడాలి.

బడి గదిలో పాత యంత్రాలు

ట్యాలీ, అను ఫాంట్ల చిక్కులు లేని చోటు పాఠశాల. టైపింగ్, బొమ్మలు గీయడం, లెక్కల ఆటలు, ప్రోగ్రామింగ్ తొలి పాఠాలు అన్నింటికీ లినక్స్‌లో ఉచిత సాధనాలున్నాయి. పొరుగు రాష్ట్రం కేరళ తన ప్రభుత్వ బడుల్లో సమాచార సాంకేతిక బోధననంతా ఓపెన్ సోర్స్‌పైకి తెచ్చి, ఉబుంటు ఆధారంగా సొంత సంపుటిని రూపొందించుకొని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి దశాబ్దానికి పైగా నడుపుతోంది. కుప్పానికి ఆనుకొని ఉన్న తమిళనాడు 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్ పక్కనే బాస్ లినక్స్‌ను కూడా వేసి ఇచ్చింది. ఈ రెండింటిలో లినక్స్ గట్టిగా వేళ్లూనుకున్నది కేరళలోనే. అక్కడ పాఠ్యపుస్తకం, పరీక్ష, గురువు శిక్షణ మూడూ ఒకే వ్యవస్థ చుట్టూ అల్లుకొని ఉన్నాయి.

ఒకే గదిలో పలు యంత్రాలున్న బడులకు ఎల్‌టీఎస్‌పీ అనే ఏర్పాటు ఉంది. 1999లో మొదలైన ఈ పద్ధతిలో గదికి ఒక్క మంచి కంప్యూటర్‌ను సర్వర్‌గా ఉంచి, మిగిలినవాటిని హార్డ్‌డిస్కు లేకుండానే నెట్‌వర్క్ తీగ ద్వారా దాని నుంచి నడపవచ్చు. సవరణలు ఒక్కచోట చేస్తే గదంతటికీ వర్తిస్తాయి గనుక కంప్యూటర్ ఉపాధ్యాయుడు లేని బడికి ఇది పెద్ద వెసులుబాటు.

తెలుగునాట ఈ రంగంలో మనుషులను తయారుచేసే ప్రయత్నమూ జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నూ, పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’నూ రూపొందించి, ఇంజినీరింగ్ కళాశాలల్లో విద్యార్థి బృందాలను ఏర్పాటు చేసింది. మదనపల్లె పక్కనే అంగళ్లులో, కుప్పంలో ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఆ విద్యార్థులు పాఠ్యప్రణాళికలో భాగంగా లినక్స్‌ను ఎలాగూ నేర్చుకుంటారు గనుక, నెలకొక ఆదివారం ఇన్‌స్టాల్ శిబిరం నడిపితే చుట్టుపక్కల బడులకూ దుకాణాలకూ కావలసిన ఆసరా దొరుకుతుంది, వారికీ చేతిపని అలవడుతుంది.

తూకానికి వేసే ముందు

ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, వాటిలో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. పాత ఇనుప సామాన్ల వాడికి తూకానికి వేసిన సీపీయూ చివరికి రాగి కోసం తీగలు కాల్చే చోటికీ, లోహాల కోసం బోర్డులను ఆమ్లంలో ముంచే చోటికీ చేరే అవకాశం ఎక్కువ. ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసే పేదలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారుపైనే పునశ్శుద్ధి బాధ్యతను మోపినా, చిన్న పట్టణంలో అధికారిక సేకరణ కేంద్రం కంటే తోపుడుబండే ముందు వస్తుంది.

అయినా ప్రతి పాత యంత్రాన్నీ నిలబెట్టి తీరవలసిన పని లేదు. ర్యామ్ పెంచే వీలు లేని 32-బిట్ నెట్‌బుక్, ఉబ్బిన కెపాసిటర్లున్న బోర్డు, విడిభాగం ధర యంత్రం ధరను మించే ల్యాప్‌టాప్ వంటివాటిపై ఖర్చు పెట్టడం వృథా. వాటిలో పనికివచ్చే భాగాలను తీసుకొని మిగిలినది అధీకృత పునశ్శుద్ధి సంస్థకు అప్పగించడమే మేలు. 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రానికి మాత్రం లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి వ్యవస్థతో మరికొన్ని ఏళ్ల సేవ నిస్సందేహంగా మిగిలి ఉంది. కొత్త కంప్యూటర్ కొనడానికి ముందు పెన్‌డ్రైవ్‌తో ఒక పూట పరీక్షించి చూస్తే, ఆ సొమ్ము అవసరమో కాదో యజమానికే తేలిపోతుంది.